బొమ్మ మూడొందలు, భయం మూడువేలు

నెలగంట పెట్టారంటే చాలు, బొమ్మల కొలువు పెట్టే ఇళ్లలో ఒక జాబితా తయారవుతుంది. జాబితా పైన 'కొత్త బొమ్మ – 1' అని బుద్ధిగా రాసి ఉంటుంది. అసలు కథంతా ఆ కింద. బొమ్మ నిలబడటానికి స్టాండు. స్టాండు కింద పరవడానికి పచ్చ మ్యాటు. బొమ్మ మొహం కనపడటానికి చిన్న ఫోకస్ లైటు. దుమ్ము పడకుండా అద్దాల పెట్టె. పెట్టెలో చెమ్మ పీల్చడానికి సిలికా పొట్లాలు. ఆ పొట్లాలు పనిచేస్తున్నాయో లేదో చెప్పడానికి చెమ్మ కొలిచే మీటరు. బొమ్మ మూడొందలు, తక్కినదంతా కలిపి మూడువేలు. ముప్పావలా కోడికి మూడు రూపాయల దిష్టి అన్నవాడు ఈ లెక్క చూసే అని ఉంటాడు.

బొమ్మ అమ్మితే వ్యాపారికి ఒక్కసారే డబ్బు. భయం అమ్మితే ఏడాది పొడుగునా ఆదాయమే. సెట్టు చెడిపోతుందేమోనని భయం, కొన్నది నకిలీయేమోనని భయం, రంగు పోతుందేమో, రేటు పడిపోతుందేమో, ఎదురింటివాళ్ల కొలువులో ఉన్నది మన కొలువులో లేదేమో. ఇన్ని భయాలకీ ఇన్ని సరుకులు. పాతికేళ్లుగా కొలువు పెడుతున్న ఆవిడల్ని గమనించండి. వాళ్ల సంచీలో కొత్త బొమ్మ ఒక్కటే ఉంటుంది. తక్కిన జాబితా అంతా కొత్తగా దిగినవాళ్లది.

ఏటా ఒక కొత్త బొమ్మ చేర్చాలన్నది ఆచారం. ఒక్కటే. పెద్దవాళ్లు లెక్క రాక ఒకటి అనలేదు, అటక ఎంతుందో తెలిసి అన్నారు. బజారు మాత్రం ఆ మాటని తన సౌకర్యం కొద్దీ వినిపించుకుంది. కనీసం ఒకటి అన్నారు గనక ఎక్కువకి హద్దు లేదని తీర్పు చెప్పేసింది.

భయాల్లో పెద్దది సెట్టు. ఉదాహరణకి పెళ్లి సెట్టు. వధూవరులు, పురోహితుడు, కాళ్లు కడిగే మామగారు, నీళ్లు పోసే అత్తగారు, ఒక డోలు, రెండు సన్నాయిలు. మూడో ఏడు అటక మీంచి దించేటప్పటికి ఒక సన్నాయి విరిగి ఉంటుంది. ఆ పెద్దమనిషి రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని, బుగ్గలు పూరించి, ఉత్త గాలి ఊదుతూ ఉంటాడు. కొత్తగా కొలువు మొదలుపెట్టిన ఇల్లాలికి ఇక నిద్ర పట్టదు. దుకాణానికి పరుగు. "విడిగా రాదమ్మా, సెట్టుగానే వస్తుంది." సరే, సెట్టే ఇవ్వండి. ఇప్పుడు ఆ ఇంట్లో ఇద్దరు పెళ్లికొడుకులు, ఇద్దరు పెళ్లికూతుళ్లు, ఇద్దరు పురోహితులు, మూడున్నర సన్నాయిలు. ఇంత పెద్ద పెళ్లికి భోజనాలు లేకపోతే ఎలాగని భోజనాల సెట్టు. ఏడాది తిరిగేసరికి సీమంతం సెట్టు. ఆ వెనకే ఉయ్యాల సెట్టు. బొమ్మల సంసారం పెరుగుతున్నకొద్దీ ఇంటాయన తన సంసారంలో పొదుపు మొదలుపెడతాడు.

దశావతారాల దగ్గర ఇంకో చిక్కు. లెక్క పదే, అందులో ఎవరికీ పేచీ లేదు. పేచీ అంతా ఆ పదిమంది ఎవరన్నదే. కొందరి వరసలో బలరాముడు ఉంటాడు, కొందరి వరసలో బుద్ధుడు. శతాబ్దాలుగా పండితులు తేల్చని ఈ సంగతిని దుకాణదారు అర నిమిషంలో తేల్చేస్తాడు. "రెండూ తీసుకోండమ్మా, మీ ఇంటికి వచ్చేవాళ్లు ఏ సంప్రదాయం వాళ్లో ఏమో." అలా దశావతారాలు పదకొండవుతాయి. పదిమందికి అమర్చిన మెట్టు మీద పదకొండో అవతారానికి చోటు చాలదు. మత్స్యావతారం కొంచెం పక్కకి జరుగుతుంది. కిందపడేది ఎప్పుడూ ఆ చివరిదే.

ఆ పడిన బొమ్మ తోకకి చిన్న బీట వచ్చిందని కొత్త సెట్టు కోసం తిరిగేవాళ్లు ఒకసారి విజయవాడ పక్కనున్న కొండపల్లికి వెళ్లి, అక్కడ బొమ్మ ఎలా పుడుతుందో చూసి రావాలి. తెల్లపొణికి చెక్కని ఆరబెట్టి, ఏనుగుకి ఒళ్లు వేరే, తొండం వేరే, చెవులు వేరే, అంబారీ వేరే చెక్కుతారు. చింతగింజల పొడీ రంపప్పొట్టూ కలిపి మక్కు అనే ముద్ద చేసి, దాంతో అతుకులు వేస్తారు. ఆ అతుకుల్ని నున్నగా రుద్ది, సున్నం పూసి, ఆ పైన రంగులు వేస్తారు. అంటే ఆ ఏనుగు పుట్టిందే ముక్కలుగా. తొండం ఊడితే అది తన చిన్ననాటి స్థితికి వెళ్లిందంతే, చచ్చిపోలేదు. చెక్క బొమ్మకి అతుకు అవమానం కాదు. అవమానమంతా మన గాజు అలమరలోనే ఉంది.

అన్నట్టు, ఆ అలమరకి ఒక చరిత్ర ఉంది. 1980లు, 90ల్లో మధ్యతరగతి హాలు అంటే సోఫా, టీవీ, షోకేసు. తల ఊపే తంజావూరు బొమ్మ, ప్లాస్టిక్ తాజ్‌మహల్, స్కూల్లో వచ్చిన కప్పు, అమెరికా నుంచి అన్నయ్య తెచ్చిన బార్బీ. తల ఊపడమే తంజావూరు బొమ్మ చేసే పని. షోకేసుకి తాళం వేసి, ఆ తాళంచెవి ఎక్కడ పెట్టారో మర్చిపోయి, దాని తల ఎవరూ తట్టకుండా ఇరవై ఏళ్లు నిలబెట్టారు. ఇంటికొచ్చిన పిల్లలు అద్దానికి ముక్కు ఆనించి చూస్తే "ముట్టుకోకండి, పగులుద్ది" అని కేక. తాకితే పగిలే బొమ్మ పరవాలేదు. తాకకపోయినా మనుషుల్ని కసిరే బొమ్మ ఎందుకో నాకు అర్థం కాదు. ఇప్పుడు అదే షోకేసు లోపల దీపాలు పెట్టుకుని, అద్దం మందం పెంచుకుని, 'కలెక్టర్స్ డిస్‌ప్లే' పేరుతో మళ్లీ వచ్చింది. తాళం మాత్రం మారలేదు.

బార్బీ పేరు వచ్చింది గనక పెట్టె సంగతి కూడా చెప్పుకోవాలి. బొమ్మల సేకరణలో పెట్టె విప్పనివాళ్లది ఒక మతం. కొన్న బొమ్మని పెట్టెలోంచి తియ్యకపోవడమే అందులో పరమ నిష్ఠ. దానికి ఇంగ్లీషు అక్షరాల్లో ఒక బిరుదు కూడా ఉంది, ఎన్ఆర్ఎఫ్‌బీ. పెట్టెలోంచి ఏనాడూ బయటికి తియ్యలేదని దానికి అర్థం. మనం పిల్లకి పెళ్లిచూపులప్పుడు చెప్పుకునే గుణగణాల కంటే గట్టిగా చెబుతారు ఆ నాలుగు అక్షరాల్నీ.

ఈ మతం ఎలా పుట్టిందో చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియదు. 1959 మార్చి 9న న్యూయార్కు బొమ్మల ప్రదర్శనలో మాటెల్ కంపెనీ బార్బీని పరిచయం చేసింది. ధర 3 డాలర్లు. ఆ రోజుల్లో కొన్న పిల్లలు ఆ బొమ్మకి జుట్టు కత్తిరించారు, నీళ్లు పోశారు, తల పీకి చూశారు, గౌను పారేశారు. అంటే బొమ్మతో ఏం చెయ్యాలో అది చేశారు. అందుకే ఇవాళ చెక్కుచెదరని మొదటి బార్బీ దొరకడం కష్టం, అందుకే దానికి అంత ధర. ఇది చూసిన పెద్దవాళ్లు తెలివిగా ఒక పాఠం నేర్చుకున్నారు, సగం మాత్రం. బొమ్మని దాస్తే ధర వస్తుందని. ఎవరూ దాయకపోవడం వల్ల ధర వచ్చిందన్న తక్కిన సగం పాఠాన్ని మాత్రం పెట్టెలోనే ఉంచేశారు.

1988లో ఎర్రటి గౌనుతో పండగ బార్బీ ఒకటి వచ్చింది. దొరక్క కొట్టుకున్నారు. అంతే, తరవాతి ఏళ్ల పండగ బార్బీలని జనం అట్టపెట్టెలకి అట్టపెట్టెలే కొని అటకెక్కించారు, పిల్ల కాలేజీ ఫీజుకి పనికొస్తాయని. వీధిలో ప్రతివాడూ దాచిన వస్తువు అరుదైనది ఎలా అవుతుంది స్వామీ? ఆ పిల్లలు కాలేజీలు దాటి చాలా కాలమైంది. బార్బీలు పెట్టెల్లోంచి వాళ్లని చూసి చిరునవ్వు నవ్వుతూనే ఉన్నాయి.

పెట్టెలో ఉన్నంత మాత్రాన అవి క్షేమంగా ఉన్నాయా అంటే అదీ లేదు. బొమ్మని పెట్టెకి కట్టే రబ్బరు బ్యాండు ఏళ్లు గడిచేకొద్దీ జిగురు పదార్థమై గౌనుకి అంటుకుంటుంది. పెట్టె ముందున్న పారదర్శక ప్లాస్టిక్ పసుపెక్కుతుంది. వినైల్‌ని మెత్తగా ఉంచడానికి కలిపిన ద్రవం మెల్లగా బయటికొచ్చి బొమ్మ కాళ్లు జిడ్డోడతాయి. తొలినాటి బార్బీల్లో చెవిపోగుల లోహం తుప్పు పట్టి చెవులు ఆకుపచ్చగా మారడం అందరూ ఎరిగినదే. దానికి 'పచ్చ చెవి' అని జబ్బు పేరులాంటి పేరు కూడా పెట్టారు. పోగులు తీసి పక్కన పెడితే తీరే జబ్బు అది. తియ్యాలంటే పెట్టె విప్పాలి. విప్పితే బిరుదు పోతుంది. బిరుదు నిలబెట్టుకోవడానికి చెవులు పోగొట్టుకున్న బొమ్మలు అవి.

పెట్టెలకే ఇంత మర్యాద జరుగుతుంటే చీటీలు ఊరుకుంటాయా? అమెరికాలో 1993లో టై వార్నర్ అనే ఆయన బీనీ బేబీస్ అని చిన్న చిన్న గుడ్డ బొమ్మలు మొదలుపెట్టాడు. ఒక్కో బొమ్మ చెవికి గుండె ఆకారంలో ఎర్రటి అట్టముక్క. కొన్ని రకాలకి 'రిటైర్మెంటు' ప్రకటించేవాడు. ఇంక తయారుచెయ్యం అనడం. అదృష్టవంతుడు, బొమ్మలకి పెన్షన్ ఇవ్వక్కర్లేదు. ఆ ప్రకటన రాగానే జనం ఎగబడేవాళ్లు. ఆ పిచ్చిలో ఒక సూత్రం స్థిరపడింది: చెవికున్న అట్టముక్క మడత పడితే బొమ్మ విలువ పోయినట్టే. అందుకని ఆ అట్టముక్కకి తొడగడానికి ప్లాస్టిక్ తొడుగులు అమ్మారు. బొమ్మకి కాదు, బొమ్మ చీటీకి! ఎంతమంది కొన్నారనుకున్నారు. ధరల పట్టికల పుస్తకాలు అచ్చేసి అమ్మారు, అవీ కొన్నారు. 1999లో లాస్ వెగాస్ కోర్టులో విడాకులు తీసుకున్న ఒక జంట, జడ్జిగారి ఎదుట నేలమీద గొంతుక్కూర్చుని, గుట్టగా పోసిన బీనీ బేబీస్‌ని నీకొకటి నాకొకటి అని పంచుకున్నారు. ఆ ఫొటో ఇప్పటికీ దొరుకుతుంది. కొన్నాళ్లకి ఆ పిచ్చి దిగిపోయింది. గుట్టలు గుట్టలుగా మిగిలిన బొమ్మలు అగ్గువకి పోయాయి. తొడుగులు మాత్రం చెక్కుచెదరలేదు. మంచి ప్లాస్టిక్.

మన దగ్గర ఇంత వెర్రి లేదని భుజాలు చరుచుకోకండి. మన చీటీ పేరు సర్టిఫికెట్. కొండపల్లి బొమ్మలకి 2007లో, ఏటికొప్పాక బొమ్మలకి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. చేసేవాళ్లకి అది అవసరమే, వాళ్ల పేరు చెప్పి ఇంకెవరో ఫ్యాక్టరీ సరుకు అమ్మకుండా. దాంతో నాకు తగాదా లేదు. నా తగాదా, నగరాల ప్రదర్శనల్లో వంద రూపాయల బొమ్మకి బంగారు అంచు కార్డు కట్టి మూడొందలు చేసే పెద్దమనుషులతో. ఆ కార్డు మీద సంతకం ఎవరిదో దేవుడికెరుక. అసలు కొండపల్లి బొమ్మ గుర్తు పట్టడానికి కార్డు దేనికి? చేతిలోకి తీసుకోండి. తెల్లపొణికి తేలిక చెక్క, బొమ్మ సైజు చూసి మీరు అనుకున్న బరువులో సగం కూడా ఉండదు. రెసిన్‌తో అచ్చుపోసినదో, ప్లాస్టర్‌దో అయితే చెయ్యి కిందకి దిగుతుంది. పక్కపక్కనే రెండు బొమ్మలు పెట్టి మొహాలు చూడండి. చేత్తో దిద్దిన కనుబొమలు రెండు బొమ్మల మీద ఒక్కలా ఉండవు. వరసలో ఉన్న పది మొహాలూ కవల పిల్లల్లా ఉంటే ఆ కార్డు ఎంత మెరిసినా ఒకటే.

ఏటికొప్పాకదీ అంతే. వరాహ నది ఒడ్డున అంకుడు కర్రని తరిమెన పట్టి, తిరుగుతున్న కర్ర మీద లక్క ఆనించి రంగు ఎక్కిస్తారు. పసుపు, నీలిమందు లాంటివాటితో చేసిన సహజమైన రంగుల్ని అక్కడ మళ్లీ నిలబెట్టిన సి.వి. రాజుగారికి 2023లో పద్మశ్రీ ఇచ్చారు. 2025 గణతంత్ర దినోత్సవాన ఆంధ్రప్రదేశ్ శకటం మీద ఆ బొమ్మలే ఊరేగాయి. సంతోషం. ఆ మర్నాటి నుంచి ఢిల్లీ నించి మా ఊరిదాకా కనపడ్డ ప్రతి గుండ్రటి చెక్క ముక్కా ఏటికొప్పాకదే అయిపోయింది. 'నాచురల్' అని స్టిక్కరు అంటించిన బొమ్మ ఒకటి చూశాను. స్టిక్కరు పీకితే దాంతోపాటు రంగు కూడా వచ్చింది. లక్క అలా రాదు, ఒంటికి పట్టి ఉంటుంది.

ఇక యువతరం భయం వేరు. వాళ్లకి ఏ బొమ్మ కొంటున్నామో తెలియకుండా కొనడమే సరదా. పాప్ మార్ట్ అనే చైనా కంపెనీ అమ్మే లబుబు అనే బొమ్మ కుందేలు చెవులతో, తొమ్మిది పళ్లతో ఇకిలిస్తూ ఉంటుంది. కాసింగ్ లుంగ్ అనే చిత్రకారుడు 2015లో పిల్లల బొమ్మల పుస్తకం కోసం గీసిన పాత్ర అది. మూసిన పెట్టెలో ఏ రంగు ఉందో కంపెనీకే తెలియాలి. 'సీక్రెట్' అనే అరుదైన రకం 72 పెట్టెల్లో ఒకదాంట్లో ఉంటుందని చెబుతారు. చాలామంది కుర్రాళ్లు దీన్ని, 72 కొంటే ఒకటి ఖాయం అని అర్థం చేసుకున్నారు. ఇంజనీరింగ్ చదివిన కుర్రాళ్లే. పెట్టె పెట్టెకీ విడి లాటరీ అనుకుని లెక్క వెయ్యండి. 72 విప్పినా అది దొరక్కపోయే అవకాశం వందకి దాదాపు 37 పాళ్లు. పదో తరగతి లెక్క. దుకాణాల్లో పెట్టెలు ఊపి చూసేవాళ్లు, చెవి దగ్గర పెట్టుకుని వినేవాళ్లు, నగల కొట్టులో త్రాసులాంటిది తెచ్చి తూచేవాళ్లు. పెళ్లిచూపుల్లో కూడా మనం ఇంత పరీక్ష చెయ్యలేదు.

2025 జూన్‌లో బీజింగ్ వేలంలో మనిషంత ఎత్తు లబుబు ఒకటి 10 లక్షల యువాన్లు దాటి పలికింది. అంతే, ఇక్కడ మన కుర్రాడు సంచీకి వేలాడే లబుబుని చూసి, అదీ ఏదో ఒక రోజు అంత పలుకుతుందని ఆశ. ఆ ఆశని దుమ్ము నుంచి కాపాడటానికి ఒక పారదర్శక డబ్బా. డబ్బాలో లబుబుకి చలేస్తుందని చిన్న కోటు. కోటుకి జోడు బూట్లు. అదే నెలలో కంపెనీ కొత్త సరుకు దింపగానే చేతులు మారే ధరలు జారిపోయాయి. కోటు ధర మాత్రం అలాగే ఉంది, ఎందుకంటే దాన్ని మళ్లీ కొనేవాడు లేడు గనక ఎంతుందో ఎవరికీ తెలియదు. ఆ మధ్య ఇది ఏదో పాత దేశపు దయ్యమని వాట్సాప్‌లో పుకారు పుడితే, మా ఎదురు ఫ్లాటులో అమ్మమ్మగారు దాన్ని తీసి పరీక్షగా చూసి, "ఇంతకంటే పెద్ద కోరలున్న దిష్టిబొమ్మని మనం కట్టుకునేది పునాది వేసినప్పుడే కదరా, దీనికెందుకు భయం. ఎంతకి కొన్నావ్?" అని అడిగారట. ధర విన్నాక ఆవిడకి నిజంగానే దడుపుజ్వరం పట్టింది.

మళ్లీ కొలువు దగ్గరికి వద్దాం. కొత్తగా వచ్చిన ఇంకో జబ్బు 'థీమ్'. 2023 ఆగస్టులో చంద్రయాన్ చంద్రుడి మీద దిగింది, మరుసటి సంక్రాంతికి కొలువుల్లో చంద్రుడు దిగాడు. తయారుగా దొరికే రాకెట్టు, ల్యాండరు, బూడిదరంగు గుంటల చాప. ఆ వెనకే అయోధ్య. తరవాత ఇంకొకటి. ప్రతి ఏడూ పాత థీమ్ అటకెక్కుతుంది, కొత్త థీమ్ బిల్లెక్కుతుంది. ఇంట్లో పిల్లాడు అట్టముక్కలతో చేసిన రాకెట్టు వంకరగా ఉందని పక్కన పెట్టేస్తారు. పేరంటానికి వచ్చినవాళ్లు కాసేపు నిలబడి చూసేది ఆ వంకర రాకెట్టునే అని ఒకసారి గమనించి చూడండి. తిన్నటి రాకెట్టు వాళ్ల ఇంట్లోనూ ఉంది, అదే దుకాణంలో కొన్నదే.

పచ్చ మ్యాటు సంగతి చెప్పకపోతే నాకు మనసు ఒప్పుకోదు. కొలువు అడుగున పల్లెటూరు అమర్చడం మనకి పాత అలవాటు. పండక్కి వారం ముందు పళ్లెంలో మట్టి పోసి ఆవాలు, మెంతులు, రాగులు చల్లేవాళ్లు. భోగి నాటికి అంగుళమెత్తు లేత పైరు లేచేది. మొహం చూసుకునే పాత అద్దం ముక్క చెరువు. దాని గట్టున ఇసుక, ఇసుకలో చిన్న రాళ్లు. పొద్దున్నే ఆ పైరు మీద నీళ్లు చిలకరించే ఉద్యోగం పిల్లలది, ఆ ఉద్యోగం కోసం కొట్లాటలు. కనుమ నాటికి పైరు ఒక పక్కకి వాలిపోయి, ఎడ్లబండి దాంట్లో కూరుకుపోయి, అచ్చంగా ఊరిలాగే ఉండేది. ఇప్పుడు ప్లాస్టిక్ గడ్డి. ఏడాదంతా ఒకే పచ్చ. చెరువుకి మోటారు పెట్టి నీళ్లు పైకి చిమ్మించే సెట్టు, ఆ మోటారు రొద పాటలకి అడ్డమొస్తుందని స్పీకరు. పిల్లలకి ఉద్యోగం పోయింది. గిన్నెడు ఆవాలతో అయ్యే పనికి ఇంత యంత్రాంగం అన్నమాట.

మెట్లకీ అంతే. ట్రంకుపెట్టె, దాని మీద బియ్యం డబ్బా, పక్కన ఇస్త్రీ బల్ల, ఎత్తు చాలకపోతే ఎన్‌సైక్లోపీడియా సంపుటాలు. అన్నింటి మీదా ఒక తెల్ల దుప్పటి. కింద ఏముందో ఎవరికీ తెలియదు, తెలిసినా అడగరు. ఇప్పుడు తొమ్మిది మెట్ల మడత స్టాండు, నట్లూ బోల్టులూ సహా. పండగ మూడు రోజులు దాని మీద బొమ్మలు, తక్కిన రోజులన్నీ మంచం కింద అది. మూడో ఏడు ఒక బోల్టు కనపడదు. అందరూ కలిసి దాన్ని పొయ్యి కిందా ఫ్రిజ్ కిందా వెతికి, చివరికి ఆ మూల కింద ఎన్‌సైక్లోపీడియా సంపుటం పెడతారు.

దాచడం మరో పెద్ద వ్యాపారం. కలరా ఉండలు అలవాటుగా అన్ని పెట్టెల్లోనూ వేస్తారు. ఆ నాఫ్తలీన్ ఆవిరి కొన్ని రకాల ప్లాస్టిక్‌ని, ముఖ్యంగా పాలిస్టైరిన్‌ని మెత్తబరిచేస్తుంది. పురుగు పట్టని ప్లాస్టిక్ బొమ్మకి పురుగుల మందు వేసి దాన్ని పాడుచెయ్యడం మన ప్రత్యేకత. ఇక ఆన్‌లైన్‌లో 'కొలువు స్టోరేజి కిట్టు' అని అమ్ముతారు. నురగ అరలు, జిప్పు సంచులు, లేబుళ్లు. మెత్తబడిన పాత నూలు చీరకి మించిన సంచి ఇంకా పుట్టలేదని నా అభిప్రాయం, ఎవరైనా వాదించవచ్చు. చీర చించి ఒక్కో బొమ్మకీ ఒక్కో ముక్క చుట్టి, బరువైనవి అడుగున, తేలికవి పైన సర్దితే సరి. పైగా ఏ ముక్క ఏ చీరదో చెప్పుకోవడంతో ఒక సాయంత్రం గడిచిపోతుంది. జిప్పు సంచి గురించి చెప్పుకునేది ఏముంటుంది?

సెట్టు పూర్తి కాలేదని బెంగపడేవాళ్లకి ఇంకో మాట. ఢిల్లీలో శంకర్స్ అంతర్జాతీయ బొమ్మల మ్యూజియం ఉంది. కార్టూనిస్టు శంకర్‌కి హంగేరీ రాయబారి ఇచ్చిన ఒక్క బొమ్మతో ఆ ఆలోచన మొదలైంది. 1965లో మ్యూజియం తెరిచారు. పదుల దేశాల నుంచి వచ్చిన బొమ్మలు వేలల్లో ఉన్నాయి. దేశదేశాల నుంచి కానుకలుగా వచ్చినవి ఎన్నో. చూసి వస్తే మీకే తెలుస్తుంది, అక్కడ పూర్తి సెట్టు అన్న ఊసే ఉండదు. ఒక దేశానికి రెండు, ఇంకో దేశానికి ఇరవై. జపాన్ అమ్మాయి పక్కన మన కథకళి ఆటగాడు. నాలుగు గీతల్లో మనిషిని పట్టేయడం వృత్తిగా ఉన్నవాడికి, అన్నీ ఉండాలన్న బెంగ ఎందుకుంటుంది?

మొన్న శిల్పారామంలో ఒక దుకాణం దగ్గర నిలబడి ఉంటే, డెబ్బై దాటిన ఒకావిడ సెట్టులోంచి ఒక్క సన్నాయి ఆయన్నే అడుగుతోంది. "ఒక్కటి ఇస్తే సెట్టు చెడిపోతుందండీ" అంటాడు కుర్రాడు. "నా దగ్గర సెట్టు చెడిపోయే ఉంది నాయనా, నువ్వు కూడా ఒకటి చెడగొట్టుకుంటే ఇద్దరం సమానం" అంటుంది ఆవిడ. కుర్రాడు ఓనరుకి ఫోన్ చేశాడు. ఓనరు కుదరదన్నాడు. ఆవిడ వెళ్లిపోబోతూ, పక్కనున్న విరిగిన బొమ్మల బుట్టలో చెయ్యి పెట్టి, తల లేని ఒక సన్నాయి వాడిని తీసింది. సన్నాయి మాత్రం భేషుగ్గా ఉంది. ఇరవై రూపాయలకి బేరం కుదిరింది. ఇంటికెళ్లి ఆ సన్నాయిని తన సెట్టులో ఆయనకి అతికిస్తుందన్నమాట. కుర్రాడికి ఆశ చావలేదు. "అమ్మా, స్టాండు? అద్దాల బాక్సు? లైటు ఉంది చూడండి, రిమోట్‌తో రంగులు మారుస్తుంది" అన్నాడు. ఆవిడ అన్నింటికీ తల అడ్డంగా ఊపి, "ఫెవికాల్ దొరుకుతుందా మీ దగ్గర? చిన్నది చాలు. పెద్దది వచ్చే సంక్రాంతికి ఎండిపోతుంది" అంది.